నీరటి లేని తూము

కాలేజీ మెట్లెక్కినవాళ్లకి ‘ప్రాక్సీ’ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మిత్రుడు మ్యాట్నీకి వెళితే, హాజరు పిలిచేటప్పుడు వాడి బదులు ‘ప్రెజెంట్ సార్’ అనడమే ప్రాక్సీ. కంప్యూటర్ల లోకంలోనూ దాదాపు అదే అర్థం... ఒకరి తరఫున మరొకరు పలకడం. కాకపోతే ఇక్కడ అది దొంగచాటు పని కాదు. ఆఫీసులో ఆరు కంప్యూటర్లుంటే, వాటన్నిటి తరఫునా ఒక్క కంప్యూటరే బయటి ప్రపంచంతో మాట్లాడుతుంది. అడిగిన పేజీలు తెచ్చి ఎవరివి వాళ్లకి అందిస్తుంది. దాన్నే ప్రాక్సీ సర్వర్ అంటారు.

హాలియా చుట్టుపక్కల రైతులకి ఇదే సంగతి మరోలా చెబితే ఇట్టే తెలిసిపోతుంది. చెరువు కింద సేద్యం ఉన్న ఊళ్లలో ఒకప్పుడు నీరటి ఉండేవాడు. తూము తీసేదీ మూసేదీ అతనే. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో అతనికి తెలుసు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక, కాల్వ మీద లస్కర్లు ఆ పనిలోకి వచ్చారు. 1997లో చట్టం వచ్చి, రైతులే ఎన్నుకునే నీటి సంఘాలు ఏర్పడ్డాయి. పేర్లు మారినా సూత్రం ఒక్కటే. వచ్చే నీళ్లు కొన్ని, కావాల్సినవాళ్లు చాలామంది. మధ్యలో ఒక మనిషి, ఒక లెక్క ఉండాలి. లేదంటే ఎగువ మడి పొంగి పొర్లుతుంది, చివరి భూమి నెర్రెలిస్తుంది.

మన దేశంలో ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న సామాన్యులకి అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం నెట్ అంటే ఫోను తీగ, కీచుమనే మోడెం. ఎంత బాగా పనిచేసినా సెకనుకు 56 కిలోబిట్లే! 100 కిలోబైట్ల పేజీ ఒక్కరే అడిగితే పదిహేను సెకన్లు, నలుగురూ ఒకేసారి అడిగితే నిమిషం. ఒక్క లైనుతో నాలుగు కంప్యూటర్లు నడిపే నెట్ సెంటర్లకి ఆసరాగా నిలిచినవి ప్రాక్సీలే. న్యూజిలాండ్‌లో పుట్టిన విన్‌గేట్, 1996లో వచ్చిన స్క్విడ్ అలాంటివే. స్క్విడ్ లాంటివి మరో మేలు కూడా చేసేవి. ఒకరి కోసం తెచ్చిన పేజీని దాచిపెట్టి, రెండోవారు అడిగితే మళ్లీ బయటికి వెళ్లకుండానే ఇచ్చేవి. దాంతో ఒక్కోసారి చిక్కూ వచ్చేది. ఫలితాలు వచ్చేసినా, దాచిన పాత పేజీలో ‘ఇంకా విడుదల కాలేదు’ అనే కనిపించేది!

ఇప్పుడు వేగం పెరిగింది. చాలా సైట్లు తాళం వేసిన కవర్లలో వస్తున్నాయి కాబట్టి ప్రాక్సీ వాటిని దాచిపెట్టలేదు. మామూలుగా అయితే లోపల ఏముందో చదవలేదు కూడా. ఏ సైటుకి వెళ్లారో మాత్రం దానికి తెలుస్తుంది. అయినా ప్రాక్సీ అవసరం పోలేదు. ఎవరు దేనికి వాడొచ్చో నిర్ణయించడానికి, లెక్క రాసి ఉంచడానికి ఇప్పటికీ అది కావాలి.

హాలియాలో ఆరుగురు కలిసి అప్లికేషన్లు నింపే చిన్న ఆఫీసు ఒకటి ఉందనుకుందాం. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లకి అది చివరి రోజు. బెంచీ మీద తల్లిదండ్రులు, పక్కన ర్యాంకు కార్డు పట్టుకున్న పిల్లలు. ఉన్నట్టుండి పేజీ తెరుచుకోదు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని, కనిపించిన తీగల్లా పీకి మళ్లీ పెట్టడం. ఆ తర్వాత ఏ తీగ వల్ల చెడిందో, దేనివల్ల బాగైందో ఎవరికీ తెలియదు.

అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే. ‘అన్నా, నీ దాంట్ల వస్తుందా?’

అందరికీ ఆగిపోతే తప్పు తూము దగ్గరో పైనో ఉంది. ప్రాక్సీ కంప్యూటర్ ముందు కూర్చుని, నేరుగా నెట్ వస్తుందేమో చూడాలి. రాకపోతే లైను ఇచ్చినవాళ్లకి ఫోన్ చేయాలి. అక్కడ వస్తూ మిగతావాళ్లకి రాకపోతే, ప్రాక్సీ ప్రోగ్రామ్ ఆగిపోయిందేమో, లేదా కరెంటు పోయి వచ్చాక ఆ కంప్యూటర్ చిరునామా మారిందేమో చూడాలి. మిగతా అయిదూ పాత చిరునామాకే వెళ్లి తలుపు కొడుతుంటాయి మరి! అందుకే ఆ యంత్రానికి మారని చిరునామా ఇవ్వాలి.

ఒక్కరికే రాకపోతే తప్పు ఆ మడిలోనే ఉంది. ప్రాక్సీ చిరునామా, పోర్టు నంబరు సరిగా ఉన్నాయా? స్క్విడ్‌కైతే మామూలుగా 3128. తెర మీద 407 అని కనిపిస్తే ‘ముందు నీ పేరు, పాస్‌వర్డ్ చెప్పు’ అని ప్రాక్సీ అడుగుతున్నట్టు. కంప్యూటర్ గడియారంలో తేదీ తప్పినా సురక్షిత సైట్లు తెరుచుకోవు. ఇక అందరికీ వస్తూనే నత్తనడక నడుస్తుంటే, ఎవరో పెద్ద ఫైలు దించుతున్నారేమో చూడాలి. కాల్వకు దొంగ పైపు వేయడం లాంటిదే అది. ఆ రోజుకి దానికి కళ్లెం వేయాలి.

ఇంతవరకూ యంత్రం సంగతి. అసలు చిక్కు మరొకటుంది. ఆరుగురూ ఒకే తూము నుంచి వెళ్తున్నారు కాబట్టి, బయటివాళ్లకి ఆరుగురి చిరునామా ఒక్కటే. ఒకరు తొందరపడి వందసార్లు నొక్కితే, సైటు ఆ చిరునామానే అనుమానించి తలుపు మూస్తుంది. తప్పు ఒకరిది, మూసిన తలుపు ఆరుగురికి! అంతకంటే పెద్ద తప్పు జరిగితే, వెతుక్కుంటూ వచ్చేవాళ్లు మొదట ఆ ఆఫీసు గుమ్మంలోకే వస్తారు. సైబర్ కేఫ్‌ల కోసం 2011లో వచ్చిన కేంద్ర నిబంధనలు ప్రాక్సీ సర్వర్ లాగ్‌లను కనీసం ఏడాది దాచాలని చెప్పింది ఊరికే కాదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి వెళ్లారన్న ఆ చిట్టా లేకపోతే నిర్దోషి కూడా తన మాట నిరూపించుకోలేడు.

చిట్టా ఉంది కదా అని అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడితే అదీ వృథాయే. ఎవరి పేరు వాళ్లకి ఉండాలి. ఆఫీసు బయటివాళ్లకి ప్రాక్సీ తలుపు తెరిచి ఉంచకూడదు. ఉచితంగా దొరికే ముక్కూమొహం తెలియని ప్రాక్సీలని పిల్లల ఫారాలకి, ఫీజులకి అసలే వాడకూడదు. ఆ తూము దగ్గర ఎవరు కూర్చున్నారో మనకి తెలియదు. ఆ చిట్టా చూసే అధికారం ఎవరికుందో కూడా ముందే అందరికీ చెప్పాలి. తోటివారి రాకపోకలు తీరిగ్గా చదువుకునే నీరటిని ఎవరు నమ్ముతారు?

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటిస్తే పావుగంట పని. ప్రాక్సీ చిరునామా, పోర్టు, లైను కంపెనీ ఫోన్ నంబరు, ముందు ఏది చూడాలి, తర్వాత ఏది చూడాలి... పాస్‌వర్డ్ మాత్రం గోడ మీద కాదు, ఇద్దరి దగ్గర ఉండాలి. ఒక్కరి దగ్గరే ఉంటే, ఆ ఒక్కరు పెళ్లికి వెళ్లిన రోజునే నెట్ ఆగుతుంది. ఆప్షన్ల గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.