మా యింటి చిన్న విమానము

ఆటవస్తువులు పిల్లలకు ప్రొద్దుపుచ్చుటకు మాత్రమే పనికివచ్చునని పెద్దలలో పలువురి యభిప్రాయము. అందులోను బండ్లు, పడవలు, విమానములు మగపిల్లలకనియు, లక్కపిడతలు, బొమ్మరిండ్లు ఆడపిల్లలకనియు మనమే పంచిపెట్టియున్నాము. ఈ పంపకము ఎందుకు చేసితిమో మనలను మన మడుగుకొన్నది తక్కువ. గడచిన యెండకాలమున మా యింట జరిగిన యొక చిన్న పని ఈ విషయమును గూర్చి మమ్ము మిక్కిలి యోజింపజేసినది. దానిని సోదరీమణులకు తెలుపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది అనంతపురము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఎత్తైన మెట్టనేల యిది. పడమటి కనుమలు నైరృతి మేఘముల నీటిని చాలవఱకు తమ యావలనే దింపుకొనగా, మా వంతునకు గాలి మాత్రము సమృద్ధిగా వచ్చును. మా తమ్ముడు కల్యాణదుర్గము ప్రక్క పల్లెలో వేరుసెనగ పండించును. రెండేండ్లు వరుసగా పంట చేతికి రాలేదు. అతని పెద్దకుమార్తె మా యింటనుండి పదవ తరగతి చదివినది. పరీక్షలు ముగియగానే పిల్లను ఊరికి తీసికొనిపోయి చదువు మాన్పుదమా, ఇంకను చదివింతమా అను మాట పెద్దల నడుమ నలుగుచుండెను. పిల్ల యెదుట ఎవరును ఆ మాట ఎత్తలేదు. అయినను ఆమెకు తెలియకపోలేదు. పుస్తకములు మూటగట్టి మూలనుంచి, ఎవరితోను పలుకక కూర్చుండెడిది.

ఆ దినములలో బెంగుళూరున పనిచేయు మా కుమారుడు తపాలాలో ఒక సన్నని పెట్టె పంపెను. అందులో తెల్లని కఱ్ఱపుల్లలును, పలుచని కఱ్ఱరేకులును, మడచిన కాగితమును, ఒక రబ్బరు పట్టీయు, చిన్న పంకాయు, విమానపు పటమును ఉండెను. మా యమ్మగారు పెట్టెలోనికి తొంగిచూచి, "ఏందమ్మీ ఇవి, అగ్గిపుల్లలా?" అనిరి. మా మేనకోడలు చాలదినములకు నవ్వినది. "కాదవ్వా, విమానం!" అనినది.

పుల్లలను చేతబట్టినపుడు మాకు కలిగిన మొదటి యాశ్చర్యము వాని తేలికతనము. ఆ కఱ్ఱ పేరు బాల్సా. దక్షిణ అమెరికాలోని ఈక్వెడారు దేశమున దీనిని విస్తారముగా పెంచుదురు. స్పెయిను భాషలో బాల్సా యనగా తెప్ప. చెట్టు మిక్కిలి వేగముగా పెరిగి ఐదాఱేండ్లలోనే కోతకు వచ్చును. ఒక ఘనమీటరు టేకు సుమారు 650 కిలోగ్రాములు తూగగా, అంతే బాల్సా సుమారు 160 కిలోగ్రాములు తూగును. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని బూరుగుతోను, ప్రత్తితోను, మన వంటింటి బెండతోను ఒకే కుటుంబమున చేర్చియున్నారు. తేలికకఱ్ఱ విలువ మనవారికిని క్రొత్తది కాదు. కొండపల్లి బొమ్మలకు పొణికి కఱ్ఱను, పెండ్లి బాసికములకు జీలుగుబెండును ఏరినవారు తేలికతనమును ఎఱిగియే ఏరినారు.

ఇక కట్టుట. పటమును చదునైన పలకపై పరచి దానిపై పలుచని ప్లాస్టిక్కు కాగితము కప్పవలెను. లేనిచో జిగురు పటమునకే అంటుకొనును. పుల్లలను పటములోని గీతలపై నిలిపి గుండుసూదులతో కదలకుండ పట్టవలెను. సూదిని పుల్లలో గ్రుచ్చరాదు. గ్రుచ్చినచో నార చీలి అచ్చటనే విఱుగును. పుల్లకు ఇరుప్రక్కల గ్రుచ్చి నడుమ దానిని బంధింపవలెను. కలియుచోట్ల తెల్లజిగురు చిన్న బొట్టు చాలును. విమానపు పొట్టకు రెండు ప్రక్కలు గలవు. ఒకదానిపై నొకటిగా కట్టినగాని అవి రెండును సరిసమానముగా రావు. ఱెక్కలోని అడ్డుపట్టెలకు పైన వంపును క్రింద చదునును ఉండవలెను. పట్టెలన్నిటిని ఒకచో చేర్చి పట్టుకొని గరుకుకాగితముతో రుద్దిన అన్నియు ఒకే కొలతకు వచ్చును.

మన వాడుకలో జిగురు ఎక్కువైన బలము ఎక్కువ. ఈ పనిలో జిగురు ఎక్కువైన బరువు ఎక్కువ, అంతే. మా మేనకోడలు ప్రతి పుల్లను పట్టుకొని, "అత్తా, ఇది తీసేస్తే నిలబడుతుందా?" అని అడిగెడిది. మేము బదులు చెప్పలేనప్పుడు తానే తీసి, వ్రేలితో మెల్లగా నొక్కి చూచి, వలసిన తిరిగి పెట్టెడిది. మూలనున్న పుస్తకముల మూట విప్పి భౌతికశాస్త్రపు పుస్తకమును పైకి తీసినదియు ఆ వారమే.

చట్రము ముగిసిన పిమ్మట కాగితపు పని వచ్చినది. ఇది పొడుగునారలతో చేసిన మిక్కిలి పలుచని కాగితము. దీపమునకు అడ్డుపెట్టిన నార నారయు కానవచ్చును. పిల్ల మొదట అంటించిన తునక ముడుతలు పడినది. రెండు దినములుగా దూరమునుండి చూచుచున్న మా యమ్మగారు ఇక ఊరకుండలేక, "గంజి అట్లా కాదమ్మీ, పలుచగా కాచి వడగట్టల్ల" అని లేచి తామే కాచి యిచ్చిరి. ఆ జిగురును పుల్లలన్నిటికి పూయరాదు. అంచుల పుల్లలకు మాత్రమే పూసి, కాగితపు నారలు ఱెక్క పొడుగున నుండునట్లు పరచి, నడుమనుండి కొనలకు మెల్లగా సాగదీయవలెను. అది ఆఱిన తరువాత సన్నని తుంపరగా నీరు చిలకరింపవలెను. తడిసినపుడు కాగితము సడలును. ఆఱునపుడు తప్పెటతోలువలె బిగియును. బిగియునపుడు పుల్లలను వంచు బలము దానికి గలదు గనుక, ఆఱువఱకు ఱెక్కను పలకపై సూదులతో నిలిపియుంచవలెను.

మా యూరి యెండగాలిలో ఈ పనికి ప్రత్యేకముగా జాగ్రత్త కావలెను. కిటికీ తెఱచి మధ్యాహ్నమున నీరు చిలకరించిన, ఒక కొన ఆఱి రెండవ కొన తడిగానే యుండును, ఱెక్క మెలితిరుగును. "అప్పడం మొదట నీడన ఆరల్ల, లేకుంటే వంకరపోతుంది. ఇదీ అంతే" అని మా యమ్మగారు తీర్పు చెప్పిరి. తెల్లవాఱుజామున, తలుపులు మూసి, నీడన ఆరబెట్టితిమి. ఱెక్క సరిగా వచ్చినది.

ధర్మవరము దగ్గఱి నిమ్మలకుంటలో మేకతోలును వెలుతురు దూఱునంత పలుచజేసి తోలుబొమ్మలు చేయుదురు. ఆ విద్యకే ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. మా మేనకోడలు ఱెక్కను దీపమున కెదురుగా ఎత్తిపట్టగా, మా యమ్మగారికి తమ చిన్ననాటి రాత్రుల బొమ్మలాట జ్ఞాపకము వచ్చెనట. అవ్వయు మనుమరాలును ఆ రాత్రి చాలసేపు మాటలాడుకొనిరి.

ఈ పుల్లల విద్యకు ఘనమైన చరిత్ర గలదు. 1871 ఆగస్టు 18న ప్యారిసునందలి టుయిలరీ తోటలో ఆల్ఫాన్స్ పెనో అను యువకుడు పురిపెట్టిన రబ్బరుతో నడచు చిన్న విమానమును ఎగురవేసెను. అది 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు పోయినది. పెనో కల్పించిన పద్ధతిననుసరించిన యొక ఎగురుబొమ్మను 1878లో అమెరికాలో ఒక తండ్రి తన కొడుకులకు తెచ్చియిచ్చెను. ఆ కొడుకులే విల్బర్ రైటు, ఆర్విల్ రైటు. 1903 డిసెంబరు 17న వారి విమానము మనుష్యుని మోసికొని మొదటిసారి ఎగిరినపుడు నిలిచినది 12 సెకన్లు, పోయినది 120 అడుగులు.

ఈ కథలో మన సోదరీమణులు గుర్తుంచుకొనదగిన సంగతి మఱియొకటి గలదు. 1900లో విల్బర్ రైటు తన మొదటి పెద్ద గాలిపటము వంటి యంత్రమునకు గుడ్డ కుట్టుటకై కిట్టీహాక్ గ్రామమున టేటు అను గృహస్థుని భార్య కుట్టుమిషనును ఎరువు తెచ్చుకొనెను. ప్రయోగములు ముగిసి ఆ యంత్రమును వదలిపోగా, ఆ యిల్లాలు దాని గుడ్డతో తన యిద్దఱు కూతుండ్రకు గౌనులు కుట్టినది! మొదటి ప్రపంచయుద్ధకాలమున విమానపు ఱెక్కలకు అవిసెనార గుడ్డను కుట్టి బిగించినవారిలో స్త్రీలు ఎందఱో గలరు. విమానవిద్య పుట్టినచోట సూదియు, గుడ్డయు, జిగురును ఉండెను. అవి మన చేతికి క్రొత్తవి కావు.

విమానము ముగిసిన పిమ్మట కంసాలి త్రాసున తూపించితిమి. ఱెక్క కొననుండి కొనకు 45 సెంటీమీటర్లు; బరువు 25 గ్రాములు, అనగా కోడిగ్రుడ్డులో సగము. రబ్బరు పట్టీకి ఆముదము పూసితిమి. పూయనిచో పురులు ఒకదానితో నొకటి ఒరసికొని త్వరగా తెగును. ఱెక్క వెడల్పులో ముందునుండి మూడవవంతు దగ్గఱ రెండు వ్రేళ్లపై నిలిపిన విమానము సమముగా నిలువవలెను. మాది తోకవైపు వ్రాలగా, ముక్కున చిన్న బంకమట్టి ముద్ద పెట్టితిమి.

అప్పుడే మా తమ్ముడు వచ్చెను. పిల్లను ఊరికి తీసికొనిపోవుటకే వచ్చెనని అందఱికి తెలియును. మఱునాడు తెల్లవాఱకముందే ఊరిబయటి యెండిన చెఱువునకు పోవుచుండగా అతడును మా వెంట నడచెను. మా సీమలో ప్రొద్దెక్కిన కొలది గాలి లేచును; జూను మొదలు రామగిరి కొండలపై గాలిమరలు తిరుగు వేగము చూచినవారికి ఆ గాలి యెట్టిదో తెలియును. ఇంత తేలిక విమానమునకు సూర్యోదయపు నిమ్మళమే తగిన వేళ.

రబ్బరుకు పురి పెట్టకయే మొదట చేతితో మెల్లగా వదలి చూడవలెను. ముక్కు నేలకు పొడిచిన ముందు బరువెక్కువ. కొంత పైకి లేచి, నిలిచి, కూలిన వెనుక బరువెక్కువ. మాది లేచి కూలినది. మట్టి మఱికొంత చేర్చిన తరువాత నేలబారుగా చక్కగా జాఱిపోయినది. పిమ్మట 50 చుట్లు తిప్పి వదలగా కొంతదూరము పోయి దిగినది. 150 చుట్లు తిప్పి పిల్ల వదలబోవుచుండగా, అంతవఱకు పలుకక నిలిచియున్న తండ్రి చిటికెడు దుమ్ము తీసి గాలిలో వదలి చూచి, "కొంచెం నిలబడమ్మీ. గాలి తిరుగుతాంది" అనెను. ఏటేట కళ్లమున తూర్పారబట్టువానికి గాలిజాడ తెలియనిచో ఎవరికి తెలియును? అతడు చేయి ఊపగానే ఆమె వదలినది. విమానము వేపచెట్టంత ఎత్తునకు లేచి, ఎడమకు రెండు చుట్లు తిరిగి, పంకా నిలిచిన తరువాత మెల్లగా జాఱి గడ్డిపై కూర్చుండెను. గడియారము చూచుచున్న పిల్ల, "పదునాలుగు సెకన్లు! పెనో దానికన్నా మూడెక్కువ!" అని కేక వేసినది.

మూడవసారి అది సర్కారుతుమ్మ పొదలో చిక్కుకొనెను. మా తమ్ముడే ముండ్లు తప్పించి బయటికి తీసెను. ఱెక్క కాగితము జానెడు చినిగినది. "దీన్ని మళ్లా అతికించొచ్చునా?" అని అతడడిగెను. అతికింపవచ్చుననియు, ఎట్లనియు ఆమె చెప్పినది. ఈ పుల్ల ఇచ్చట ఎందుకు, ఱెక్కలు కొనలయందు పైకి వంగియుండుట ఎందుకు, కాగితము లేక పుల్లలే యున్న ఎగురదా అని అతడు ఒకదానిపై నొకటిగా అడుగుచుండెను. చెఱువుగట్టుపై కూర్చుండి ఆమె అన్నిటికి బదులు చెప్పినది. తనకు తెలియనిదానిని కూతురినడిగి తెలిసికొనుట అతనికి అదియే మొదటిసారి కాబోలు. ప్రొద్దు బారెడెక్కినది. ఇంటికి వచ్చుదారిలో అతడు మాతో, "కాలేజీకి ఎప్పుడు దరఖాస్తు పెట్టల్ల అక్కా?" అని మాత్రము అనెను.

విమానము ఎగిరినందుననే చదువు నిలిచినదని మేము చెప్పము. ప్రభుత్వ కళాశాలలో రుసుము తక్కువ, పిల్లకు మా యింట కూడునకు లోటులేదు, ఇవియు కారణములే. కాని యీ కారణములు అంతకుముందును ఉండెను. పిల్ల చేతిలో ఏమున్నదో తండ్రి కన్నులార చూచినది ఆ దినముననే. ఇప్పుడామె ఇంటర్మీడియెటున గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు చదువుచున్నది. గుంటూరున జన్మించిన బండ్ల శిరీష 2021 జూలై 11న రోదసి యంచువఱకు పోయివచ్చిన వార్తను కత్తిరించి తన పుస్తకముల బల్లపై అంటించుకొనినది. ఏమగునో మేము జోస్యము చెప్పము. చదువు సాగుచున్నది, ప్రస్తుతమునకు అది చాలును.

ఈ పని చేయదలచువారికి రెండు మాటలు. మొదటిసారి ఱెక్క సాదాగా, చతురస్రముగా నున్న నమూనానే యెన్నుకొనుడు. బ్లేడు వాడునపుడు చిన్నపిల్లల చెంత పెద్దలుండవలెను. కాగితముపై పూయు లక్కవంటి ద్రావకము కొందఱు వాడుదురు. దాని వాసన తలకెక్కును, నిప్పు త్వరగా అంటుకొనును, కనుక పొయ్యికి దూరముగా, గాలి వచ్చుచోటనే వాడవలెను. రబ్బరు పట్టీని ఎండ తగులని డబ్బాలో దాచవలెను. చినిగినదని విమానమును పాఱవేయరాదు. అతుకు వేసిన ఱెక్కయు ఎగురును. మాదానికిప్పుడు నాలుగు అతుకులున్నవి. ఆ గంజి కాచినది మా యమ్మగారే.

మన యిండ్లలో ఆడపిల్ల ఎదుట ఇట్టి పెట్టె తెఱచినపుడు, ఇది తమ్మునిదని చెప్పి ప్రక్కకు పెట్టక, ఒకసారి ఆమె చేతికిచ్చి చూడుడు. ఆమె అడుగు ప్రశ్నలను ఓపికతో వినుడు. వీలైన, తండ్రిని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుడు.