దర్జీ టేపు చెప్పే ఆరోగ్యం

పాతబస్తీలో నేను చూసిన మధుమేహ రోగులలో ఎందరో తమను తాము సన్నని వారిగానే భావించేవారు. చేతులు, కాళ్లు సన్నగానే ఉండేవి. పొట్ట మాత్రం ముందుకు వచ్చి ఉండేది. "నా బరువు సరిగానే ఉంది కదా డాక్టర్ సాబ్!" అనేవారు. త్రాసు బరువెంతో చెబుతుంది గాని, ఆ బరువు ఎక్కడ చేరిందో చెప్పదు. దానికి పత్తర్‌గట్టి దర్జీల మెడలో వేలాడే టేపు చాలు.

2004లో పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్‌కిన్ లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి వివరాలనే ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును సూచించే బి.ఎం.ఐ. ఇద్దరికీ 22.3. కాని శరీరంలోని కొవ్వు యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! మన భారతీయుల దేహతత్వం ఇటువంటిది.

పొట్టలోపల, పేగుల చుట్టూ చేరిన కొవ్వు నుంచి కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరతాయి. ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది. క్రమంగా మధుమేహం, గుండెజబ్బు దాపురిస్తాయి. పిరుదుల వద్ద చర్మం కింద ఉండే కొవ్వు అంత హాని చేయదు. అందుకే రెండు కొలతలూ అవసరం.

కొలిచే పద్ధతి సులభం. నిటారుగా నిలబడండి. పొట్ట లోపలికి బిగించకండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. తరువాత పిరుదులు అత్యంత వెడల్పుగా ఉన్నచోట కొలవండి. మొదటి సంఖ్యను రెండవదానితో భాగించండి. నడుము 94 సెంటీమీటర్లు, పిరుదులు 95 అయితే నిష్పత్తి 0.99. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పురుషులకు 0.90, స్త్రీలకు 0.85, ఆపైన ఉంటే ముప్పు ఎక్కువ. మనవారికి నడుము కొలత ఒక్కటే చూసినా పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. గర్భిణులకు ఈ లెక్క వర్తించదు.

ప్యాంటు సైజును నమ్మకండి. పొట్ట పెరిగినకొద్దీ ప్యాంటు కిందికి జారుతుంది గాని సైజు మారదు. వదులైన కుర్తా, చీర, బురఖా పొట్టను మరుగుపరుస్తాయి, ముప్పును కాదు.

కొలత హద్దు దాటితే భయపడనక్కరలేదు, ఉపేక్షించనూ కూడదు. సమీపంలోని బస్తీ దవాఖానాలో రక్తపోటు, షుగర్ పరీక్షలు చేయించుకోండి. దుకాణంలో రోజంతా కూర్చునేవారు రోజూ అరగంట వడిగా నడవండి. చక్కెర చాయ్‌లు, బిస్కెట్లు తగ్గించండి. మూడు నెలల తరువాత అదే టేపుతో మళ్లీ కొలవండి.