అమ్మేసిన చేనుకు తెగులు

పల్నాటి పల్లెల్లో అమెరికా సంబంధమంటే మిరపచేను అమ్మడానికి సిద్ధపడటమే. గురజాల వైపు మా బంధువుల ఇంట ఒక తల్లి 2013లో రెండెకరాలమ్మి కూతురిని న్యూజెర్సీకి పంపింది. ఆ పిల్ల ఆదివారాలు ఫోను చేసేది. భర్త పక్కనే కూర్చుని స్పీకరు పెట్టించేవాడు. అందుచేత తల్లీకూతుళ్ళు ఒక గుర్తు పెట్టుకున్నారు. "చేనుకు బొబ్బర తగిలిందా అమ్మా?" అని కూతురు అడిగిందంటే ఆ వారం దెబ్బలు పడ్డాయన్నమాట. అమ్మేసిన చేనుకు తెగులేమిటని అల్లుడికి ఏనాడూ తట్టలేదు!

911 నొక్కడం తెలియక కాదు. భర్తది హెచ్-1 వీసా, ఆమెది దానిమీద ఆధారపడిన హెచ్-4. అతడి ఉద్యోగం పోతే ఇద్దరికీ నిలువనీడ ఉండదు. 1994 నాటి అమెరికా చట్టం, భర్త ప్రమేయం లేకుండా సొంతంగా దరఖాస్తు చేసుకునే దారిని అక్కడి పౌరుల, గ్రీన్‌కార్డుదారుల భార్యలకే చూపింది. 2000లో నేరబాధితులకై యు వీసా వచ్చింది గాని, దానికి పోలీసుల వంటివారి ధ్రువీకరణ కావాలి. ఏ గడప తొక్కడానికి భయమో ఆ గడపే తొక్కాలి. హింసకు గురైన హెచ్-4 భార్యలకు పని అనుమతి 2006లో చట్టమైంది. దరఖాస్తు పత్రం చేతికి అందేసరికి 2017!

కనుక మన స్త్రీ ముందు తల్లికి చెబుతుంది, ఆపైన పిన్నికి, గుడిలో పరిచయమైన మరొకామెకు. వీరిలో సగంమంది "సర్దుకుపో తల్లీ" అంటారు. నాయకురాలు నాగమ్మ కథ చెప్పుకుని మురిసే సీమ మాది! దక్షిణాసియా స్త్రీలకోసమే న్యూజెర్సీలో 1985లో "మానవి", న్యూయార్కులో 1989లో "సఖి" పుట్టాయి. అటువంటి ఒక సంస్థ నంబరు మా పిల్లకు కిరాణా కొట్టు గోడమీద దొరికింది. అవతల తెలుగు వినబడగానే మాట పెగల్లేదట. కేసు పెట్టమని వారు తొందరపెట్టలేదు. పాస్‌పోర్టు ఎక్కడుంది, నీ పేర బ్యాంకు ఖాతా ఉందా అని మాత్రం అడిగారట. ఆ రెండు ప్రశ్నలే ఆమెను కదిలించాయని నా నమ్మకం.

2018లో తిరిగివచ్చింది. వెనకే అమెరికా కోర్టు విడాకుల కాగితం వచ్చింది. తిరుపతిలో పెళ్ళయిన ఒక తెలుగు జంట విషయంలో, భర్త మిస్సోరీలో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చిందని నరసరావుపేట వకీలు చెప్పేదాకా ఇంటిల్లిపాదీ అది బ్రహ్మరాత అనుకున్నారు. వేధింపు కేసు ఎక్కడ పెట్టాలన్న చిక్కు కూడా, పుట్టింట తలదాచుకున్నచోటే పెట్టవచ్చునని అదే కోర్టు 2019 ఏప్రిల్‌లో చెప్పడంతో తీరింది. వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. అమ్మాయి గుంటూరులో ఉద్యోగం చేసుకుంటోంది. కోర్టుకు మాత్రం తల్లీకూతుళ్ళు కలిసే వెళతారు.