విజయనగరం నుంచి యారాడ దాకా: సత్రాలు చెప్పే దారి

విజయనగరంలో బయల్దేరి, సింహాచలం కొండ పక్కగా విశాఖ పాతపట్నం చేరి, గాజువాక, సింధియా మీదుగా కొండెక్కి దిగి, యారాడ దగ్గర సముద్రం అడ్డొచ్చి ఆగిపోయే దారి ఒకటుంది. ఉత్తరాంధ్ర సత్రాల కథ తెలియాలంటే ఈ దారి పట్టాలి. సత్రాల చరిత్రను మనం దాతల చరిత్రగా రాసుకుంటూ వచ్చాం. ఏ జమీందారు కట్టించాడు, ఎవరి పేరున కట్టించాడు, ఎన్ని ఎకరాలు మాన్యం రాసిచ్చాడు అన్నవే లెక్కలోకి వచ్చాయి. ఆ లెక్కలు అబద్ధం కావు గానీ అసలు సంగతి వాటిలో లేదు. సత్రానికి డబ్బిచ్చింది పుణ్యం మీద ఆశ అయితే, దాని చోటు తేల్చింది బాటసారి కాళ్ళు. దారి తీరు మారినప్పుడల్లా సత్రం తీరూ మారింది.

రైలు రాకముందు ప్రయాణాన్ని ఆమడల్లో కొలిచేవారు. ఆమడ అంటే ఎనిమిది, పది మైళ్ళు. పిల్లాపాపలతో, మూటాముల్లెతో నడిచేవాళ్ళు పొద్దుగూకేలోగా రెండామడలు దాటితే గొప్ప. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో శ్రీకాకుళం, విశాఖపట్నాల మీదుగా ఇల్లు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర మజిలీ మజిలీకీ నడిచే పుస్తకం. దిగిన ఊళ్ళో నీళ్ళు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, తల దాచుకునే చోటుందా అన్నవే ఆ ప్రయాణికుడి ప్రశ్నలు. సత్రం లేనిచోట డబ్బుకు అన్నం పెట్టే ఇళ్ళు ఉండేవి. ఓరుగల్లులో రూకకు భోజనం పెట్టిన పూటకూళ్ళ ఇల్లు క్రీడాభిరామంలోనే కనిపిస్తుంది. గిరీశం బాకీపడ్డ వితంతువు పూటకూళ్ళమ్మను గురజాడ తన కన్యాశుల్కం నాటకంలో విజయనగరంలోనే నిలబెట్టాడు. కాబట్టి బాటసారికి అన్నం పెట్టడం ఒక్క ధర్మమే కాదు, వితంతువుకు బతుకుతెరువు కూడా.

విజయనగరం దాటి సింహాచలం చేరేసరికి ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. సత్రాలు గుళ్ళ చుట్టూనే ఎక్కువగా వెలిశాయి కదా, మరి వాటికి కారణం భక్తే అనుకోవద్దా? క్షేత్రాలకు భక్తులు వస్తారన్నది నిజమే, కానీ వాళ్ళు నడిచి వస్తారన్నదే సత్రానికి కారణం. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ జరుగుతుంది. ఆ రాత్రి దారి పొడవునా జనం మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర పంచుతారు. మిగతా రోజుల్లో బస్సుల్లో, కార్లలో పోయే భక్తులకు అదే రోడ్డు మీద ఎవరూ అలా పెట్టరు. భక్తి ఏడాది పొడవునా ఉన్నదే, ఆ ఒక్క రాత్రి కొత్తగా కలిసింది నడక. మద్రాసు ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. 1817 నాటి ఏడో రెగ్యులేషన్ గుళ్ళు, మసీదుల ఈనాములతో పాటు వంతెనల, సత్రాల మరమ్మతును కూడా రెవెన్యూ బోర్డు పర్యవేక్షణలో పెట్టింది. వంతెన లాగే సత్రమూ దారికి కావలసిన కట్టడమని దాని అర్థం.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ మరొకటుంది. అందరికీ చోటివ్వనిది దారికి చెందిన కట్టడం ఎలా అవుతుంది? చాలా సత్రాల్లో వండి వడ్డించింది బ్రాహ్మణులకే. మిగతావాళ్ళకు బియ్యం, పప్పు కొలిచి ఇస్తే అరుగు మీద వండుకోవాలి. అంటరానివారని ముద్రవేసిన వాళ్ళకు ఆ అరుగూ లేదు. దీన్ని కాదనలేం, కాలధర్మమని తోసేయనూ కూడదు. అయితే సత్రాన్ని దాత ఔదార్యంగా మాత్రమే చూస్తే ఈ అన్యాయం కనిపించదు. ఎవరికి పెట్టాలో దాత ఇష్టమని సరిపెట్టుకుంటాం. దాన్ని దారి మీది హక్కుగా చూసినప్పుడే, నడిచిన వాళ్ళలో ఎందరో బయటే పడుకున్నారన్న నిజం తప్పుగా తోస్తుంది.

విశాఖ చేరాక కాలం వేగం పుంజుకుంటుంది. 1890ల్లో తూర్పుతీరపు రైలు నడవడంతో రోజుల ప్రయాణం గంటల్లోకి వచ్చింది. ఆమడల లెక్కన నిలిచిన సత్రాలకు పని తగ్గింది. కలెక్టరు టర్నర్ పేరుతో పాతపట్నం వైపు వెలిసిన టర్నర్ సత్రం ఈ మార్పు నాటిదే. అది దారి మధ్య మజిలీ కాదు, పట్నానికి పనిమీద వచ్చినవాళ్ళ బస. 1933లో ఓడరేవు తెరిచాక, 1971లో ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి వేశాక, వచ్చేవాళ్ళు రాత్రికి ఆగేవాళ్ళు కారు, ఏళ్ళ తరబడి ఉండిపోయేవాళ్ళు. వాళ్ళకోసం గాజువాక చుట్టూ అద్దె గదులు, మెస్సులు పుట్టుకొచ్చాయి. పూటకూళ్ళమ్మ వృత్తి పేరు మార్చుకుని అక్కడ బతికింది. ఎన్నో ఊళ్ళలో పాత సత్రాలు పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే మండపాలయ్యాయి.

చివరికి యారాడ. మూడువైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. ఇది దాటి పోయే ఊరు కాదు, దారే ఇక్కడితో సరి. ఇలాంటి చోట బాటసారి కోసం సత్రం కట్టాలని ఏ దాతకూ తోచదు, ఎంత పుణ్యం వస్తుందన్నా సరే. ఇప్పుడిక్కడి రిసార్టులకు వచ్చేవాళ్ళు అలిసి ఆగేవాళ్ళు కారు, ఆగడానికే బయల్దేరినవాళ్ళు. వాళ్ళ డబ్బు వాళ్ళది, అందులో తప్పేం లేదు. కానీ అలిసి ఆగేవాళ్ళు ఈ నగరంలో లేకుండా పోలేదు.

1923లో మొదలైన కింగ్ జార్జి ఆసుపత్రికి మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి రోగులు వస్తారు. వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు వరండాల్లో, చెట్ల కింద రాత్రులు గడుపుతారు. నేటి బాటసారులు వీళ్ళే, నేటి మజిలీ ఆసుపత్రి గేటే. సత్రాల పేరున దాతలు రాసిచ్చిన ఆస్తులు ఎక్కడెక్కడ మిగిలాయో తేల్చి, వాటి రాబడితో ఆసుపత్రుల పక్కన కులం అడగని బస, రెండు పూటల భోజనం ఏర్పాటు చేయాలి. పాత సత్రాలకు రంగులు వేయించి వారసత్వమని మురిసిపోవడం కంటే ముందు చేయవలసిన పని ఇది.