సోలాపూర్ చద్దరు

దాదర్‌లో మా చాల్‌కు చలికాలమంటే ఫ్యాను కొంచెం తగ్గించడమే. అందుకే మన బడి నుంచి పై చదువులకు ఢిల్లీ వెళ్లేటప్పుడు, బరువని సోలాపూర్ చద్దరు వద్దన్నాను. "తీస్కపో బిడ్డా, పనికొస్తది" అని నాయనమ్మే సంచిలో కుక్కింది.

జనవరి రాత్రి 5 డిగ్రీలు. హాస్టల్లో బకెట్ నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. స్వెటరు వేసుకున్నా వణుకే. "పొరలు పొరలుగా కప్పుకో, మధ్యన గాలి వెచ్చగా ఉంటుంది" అన్నాడు పక్క మంచం స్నేహితుడు. రజాయి కింద చద్దరు కప్పుకున్నాను. నిద్ర పట్టింది.

సోలాపూర్‌లో ఇవి నేసేవాళ్లలో ఎందరో మన తెలుగు పద్మశాలీలు. మా తాత కూడా ముంబై మిల్లులో మగ్గం నడిపాడు. 1982 సమ్మెతో ఆ పని పోయింది. నేత పని చేసిన ఇంట్లో పుట్టి బట్ట విలువ ఢిల్లీలో తెలుసుకున్నాను.

"చలి ఉన్నదా బిడ్డా?" అని నాయనమ్మ ఫోను.

"లేదు నాయనమ్మా, చద్దరు కప్పుకునే మాట్లాడుతున్నా."