రేణిగుంట అద్దాల గది

రేణిగుంట,
ఆదివారం రాత్రి

ఏమండీ,

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ అత్తయ్య పక్కనే ఉంటారు, కొడుకు చేసిన ఏర్పాటుకు కోడలు వంక పెడితే ఆవిడ సహించరు. అందుకే ఆవిడ పడుకున్నాక కాగితం తీశాను. తీరిగ్గా చదవండి.

ముందు మంచి సంగతులు. రైలు బాగా ఆలస్యమైనా హోటల్ కుర్రాడు ప్లాట్‌ఫారం మీదికే వచ్చి కాచుకుని ఉన్నాడు. పీలేరు దగ్గర పల్లెటూరట. "నిదానంగా రండి మా, బండి ఆడనే ఉండాది" అంటూ పెట్టెలు ఒక చేత్తో, అత్తయ్యను ఒక చేత్తో పట్టుకుని నడిపించాడు. ఈ యాత్ర అయ్యేదాకా ఆవిడ ఉల్లి, వెల్లుల్లి తినరని రిసెప్షన్‌లో అమ్మాయికి చెప్పానో లేదో, ఆ మాట వంటవాడి దాకా వెళ్ళిపోయింది. మెనూలో అవకాడో టోస్టు, ఇంకేవో గిన్నెలూ ఉన్నాయి, ఇడ్లీ లేదు. కుర్రాడే బయట బండి దగ్గరికెళ్ళి ఇడ్లీ, శెనక్కాయల చట్నీ కట్టించుకొచ్చాడు. "ఎర్రగడ్డ, తెల్లగడ్డ ఏమీ ఎయ్యలేదు మా, అడిగే తెచ్చినా" అన్నాడు.

ఇక గది. మీరు ఫొటోల్లో చూసి మురిసిపోయిన గది అచ్చంగా అదే, మోసమేమీ లేదు. చెట్టినాడు స్తంభాలు, ఇత్తడి ఉరుళిలో పూలరేకులు, గోడకు గంగమ్మ కలంకారీ బొమ్మ. కానీ స్నానాల గదికి గోడ లేదండీ, నిలువెత్తు అద్దం! అత్తాకోడళ్ళం ఒకే గదిలో ఉన్నాం. తెర ఉంది గానీ దాని మీట మంచం పక్కన. అంటే లోపలున్నవాళ్ళ మానం బయటున్నవాళ్ళ దయ. ఆవిడ స్నానానికి వెళ్తే నేను బాల్కనీలోకి పోయి నిలబడ్డాను. ఎదురుగా రైలు పట్టాలు. మద్రాసు–బొంబాయి లైనూ గూడూరు–కాట్పాడి లైనూ కలిసేది ఇక్కడే కదా, ఒక గూడ్సు వెళ్తే ఇంకో గూడ్సు. తలుపు మూసినా హారన్ మంచం మీదికే వస్తోంది. లైట్లన్నీ పసుపుపచ్చగా, గుడ్డిగా ఉన్నాయి. అత్తయ్య బీపీ మాత్ర ఏదో షుగర్ మాత్ర ఏదో ఫోన్ టార్చి వేసి పోల్చుకున్నాను.

బకెట్టు లేదు, మగ్గు లేదు. నడినెత్తిన పడే షవర్ ఒక్కటే. తల తడవకుండా ఒళ్ళు తడుపుకోవడం ఎలాగో అత్తయ్యకు బోధపడలేదు. ఫోన్ చేస్తే కుర్రాడు అంచు విరిగిన ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు తెచ్చాడు. "మా రూములోది మా, బాగా కడిగే తెచ్చినా." వాళ్ళు స్నానం చేసుకునే బకెట్టది. తీసుకోవడానికి చెయ్యి రాలేదు, తీసుకోక తప్పలేదు.

మంగళవారం

కొండమీద స్వామి దర్శనం బాగా జరిగింది. అత్తయ్య కళ్యాణకట్టలో మూడు కత్తెరలు ఇచ్చారు, పుష్కరిణిలో మునిగారు. కిందికి వచ్చేసరికి మా దగ్గర తడి చీరలు, లడ్డూల సంచీ, ఆవిడ మోకాళ్ళ నొప్పి.

గదిలో ఒక్క మేకు లేదు, దండెం లేదు. ఆ స్తంభాలకే కడదామంటే అవి గోడకు అతికించిన చెక్క డొల్లలు. చీరలు కుర్రాడే డాబా మీదికి తీసుకెళ్ళి ఆరేసి, సాయంత్రం మడతపెట్టి తెచ్చాడు. ఇంకో బక్కపిల్లాడు మూడంతస్తులు ఎక్కి వేడినీళ్ళు మోశాడు, గీజరు రెండు చెంబులకే చల్లబడుతోంది మరి.

నాకు కోపమంతా ఇక్కడే వస్తోంది. రేణిగుంటలో దిగేదెవరు? తిరుపతి ఇక్కడికి పదిమైళ్ళు కూడా లేదు. అక్కడిదాకా వెళ్ళని బొంబాయి రైళ్ళలో వచ్చేవాళ్ళు, 2015లో కొత్త టెర్మినల్ తెరిచిన విమానాశ్రయంలో దిగేవాళ్ళు. నూటికి తొంభైమంది కొండకు పోయేవాళ్ళే. గుండు, తడిబట్ట, ముసలి మోకాలు, లడ్డూల సంచీ: ఇవి తప్ప వేరే సామాను ఉండదు. తిరుపతి స్టేషన్ ఎదురుగా దేవస్థానంవారి విష్ణునివాసంలో ఉరుళి లేకపోవచ్చు, ఎవరొస్తారో తెలిసి కట్టారు. ఇక్కడ కట్టినవాళ్ళకు కెమెరా వస్తుందని మాత్రమే తెలుసు.

"సర్వీసు అద్భుతం" అని మీకు నిన్న మెసేజి పెట్టాను కదా. ఇవాళ లెక్క వేస్తే, అందులో సగం ఆ భవనం చేయాల్సిన పని. యజమాని మేకులకూ గీజరుకూ ఖర్చు పెట్టని చోట ఈ పిల్లలు కాళ్ళు ఖర్చు పెడుతున్నారు. పోనీ ఫిర్యాదు చేద్దామంటే మేనేజరు మొదట అడిగేది వాళ్ళనే. మంచివాళ్ళను ముందు నిలబెట్టడంలో ఎంత సుఖముందో చూడండి ఆ యజమానికి!

శ్రీకాళహస్తి స్టేషన్,
బుధవారం

రైలుకు ఇంకా టైముంది. కాళహస్తి అయ్యాక ఇంకెక్కడా ఆగకుండా ఇంటికే పోవాలని అత్తయ్య పట్టు, అందుకే పొద్దున్నే గది ఖాళీ చేసి సామానుతోనే బయల్దేరాం. దారిలో పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం చూశాం. గజపృష్ఠ విమానం కింద అయిదడుగుల లింగం, దాని మీదే చెక్కిన శివుడు, చేతిలో పొట్టేలు, భుజాన గొడ్డలి. క్రీస్తు పూర్వానిదని చాలామంది పండితుల మాట. జనం లేరు, తోపులాట లేదు.

కాళహస్తిలో కలంకారీ వేసే ఒకాయన ఇంటికి వెళ్ళాం. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టిగారి ఊరు కదా ఇది. కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరేసిన బట్ట, గుడ్డ చుట్టిన వెదురు కలం, తుప్పు ఇనుము బెల్లంనీళ్ళలో పులిసి నల్లబడిన కసిమి. ఎర్ర రంగు రావాల్సిన చోట ముందు పటికనీళ్ళు పూస్తారు. రంగు వేసిన ప్రతిసారీ పారే నీళ్ళలో ఉతకాలి. ఆయన గీత గీస్తుంటే కలం మీద వేళ్ళు నొక్కీ వదిలీ రంగు దింపుతున్నాయి. అత్తయ్య అరగంట కదల్లేదు.

హోటల్ గోడ మీది బొమ్మ ఫోన్‌లో చూపించాను. నవ్వి, "అచ్చు గుడ్డమ్మా" అన్నాడు. ప్రతి అంతస్తులోనూ అదే గంగమ్మకు అదే చోట గీత ఎందుకు తెగిందా అనుకున్నాను! ఇరవై, పాతిక కిలోమీటర్ల దూరంలో చేతిపనివాళ్ళు ఉండగా అచ్చు గుడ్డ వేలాడదీసి, దాని కింద ఈ ఊరిపేరు చెక్కిన ఇత్తడి పలక కూడా తగిలించారు.

బుకింగ్ మీ పేరున ఉంది కాబట్టి నక్షత్రాలు మిమ్మల్నే అడుగుతారు. తొందరపడి అయిదూ నొక్కకండి, కోపంగా రెండూ నొక్కకండి. ఆ పిల్లల మాట విడిగా, గది మాట విడిగా నేనే తెలుగులో రాసిస్తాను. గీజరు, మేకులు, తెర మీట, బకెట్టు: వరసగా ఉంటాయి. ఆ ఎర్ర బకెట్టు ఎవరిదో మాత్రం రాయను, వాళ్ళ ఉద్యోగం పోతుంది.

మీ
పద్మ