బొగ్గు తాబేలు మన ఊరిదే

విశాఖపట్నానికి గుర్తు ఏదని అడిగితే ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. ఒకరు డాల్ఫిన్స్ నోస్ అంటారు, ఒకరు కురుసుర జలాంతర్గామి అంటారు. మా అమ్మనడిగితే సింహాద్రి అప్పన్న అంటుంది. నన్నడిగితే మాత్రం టోర్కోల్ అంటాను. అదేం జంతువో అని బుర్ర గోక్కోకండి, అదో పోకెమాన్. వీపు మీది డిప్పలో బొగ్గు మండించుకుంటూ, ముక్కుల్లోంచి పొగ వదిలే తాబేలు. పోకెమాన్ గో ఆటలో మామూలు రోజుల్లో అది మన దక్షిణాసియాలోనూ ఆ చుట్టుపక్కల దేశాల్లోనూ మాత్రమే దొరుకుతుంది. అమెరికాలో ఉన్నవాడు దాని కోసం మొహం వాచిపోవాల్సిందే.

మన ఊరిని చూసి ఆ కంపెనీవాళ్ళు పెట్టలేదని నాకూ తెలుసు. అయినా, బొగ్గు ఓడలు వచ్చే రేవు, బొగ్గుతో నడిచే ఉక్కు కొలిమి, ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు, మూడూ ఉన్న ఊరికి ఇంతకంటే నప్పేది ఇంకేముంటుంది చెప్పండి :)

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. ఫోన్లో మీరున్న చోటి మ్యాపు కనిపిస్తుంది. మీరు నడిస్తే అందులో మీ బొమ్మ నడుస్తుంది. దారిలో రకరకాల జీవులు ఎదురవుతాయి, బంతి విసిరి పట్టుకోవాలి. ఆ బంతులు విగ్రహాల దగ్గర, గుళ్ళ దగ్గర, పార్కుల దగ్గర పెట్టిన స్టాపుల్లో దొరుకుతాయి. గుడ్లు కూడా ఇస్తారు. రెండు కిలోమీటర్లకి పొదిగేవి కొన్ని, ఐదుకి కొన్ని, పదికి కొన్ని. నడిస్తేనే లెక్క. బండెక్కి జామ్మని వెళ్తే లెక్కలోకి రాదు. 2016 జులైలో కొన్ని దేశాల్లో మొదలైంది, మనకి జియోవాళ్ళతో కలిసి ఆ డిసెంబర్లో వచ్చింది. పెద్ద నోట్లు రద్దయిన కొత్త. నేనప్పుడు ఇంజినీరింగు రెండో ఏడు. ఊరంతా ఏటీఎం క్యూల్లో నిలబడితే నేను అదే క్యూలో నిలబడి పోకెమాన్లు పట్టాను. ఆ నెలలో క్యూలో విసుగు పుట్టనివాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

"ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకా ఈ పురుగుల వేటేట్రా?" అంటుంది అమ్మ. నవ్వుతాను గానీ, ఆవిడన్న మాట అక్షరాలా నిజం. ఇది పురుగుల వేటే.

పోకెమాన్ ఆలోచన సతోషి తజిరి అనే జపాన్ ఆయనది. టోక్యో శివార్లలో మచిదా అనే ఊళ్ళో పెరిగాడు. చిన్నప్పుడు చెట్ల వెంట, చెరువుగట్ల వెంట తిరిగి పురుగులు పట్టేవాడు. ఊరు పెరిగింది, చెరువులు పోయాయి, ఇళ్ళొచ్చాయి, పురుగులు పోయాయి. తన తర్వాతి పిల్లలకి ఆ సరదా దక్కదేమోనని ఆయనకి అనిపించింది. రెండు గేమ్ బాయ్‌లని కలిపే తీగని చూస్తే, దాని మీదుగా పురుగులు ఇటు నుంచి అటు పాకుతున్నట్టు ఊహ వచ్చిందట. అలా 1996 ఫిబ్రవరి 27న రెడ్, గ్రీన్ అని రెండు ఆటలు వచ్చాయి. ఒకదాంట్లో దొరికేవి కొన్ని రెండోదాంట్లో దొరకవు. అన్నీ కావాలంటే పక్కవాడితో స్నేహం చెయ్యాల్సిందే.

ఇది మనకి కొత్తా? ఆరుద్ర కార్తెలో మొదటి వానలు పడగానే ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లా మట్టిలో ఆరుద్ర పురుగులు తిరిగేవి. అగ్గిపెట్టెలో ఇంత గడ్డి వేసి దాచేవాళ్ళం. బంగారు పురుగులకి తుమ్మాకు మేత. ఒకడి దగ్గర నాలుగుంటే ఇంకోడు ఐదు తెచ్చేవాడు. పాకెట్ మాన్‌స్టర్ అంటే జేబులో భూతం. మా జేబులో అగ్గిపెట్టె ఉండేది, అంతే తేడా. మేం అవి పట్టిన ఖాళీ జాగాలో ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి. తజిరి బాధ నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. అన్నట్టు పోకెమాన్ గోలో వాన పడితే పురుగుల జాతి పోకెమాన్లు ఎక్కువగా వస్తాయి. ఆ నియమం రాసినవాడెవడో గానీ వాడికి మా ఆరుద్ర కార్తె తెలిసినట్టే!

పట్టడం ఈ ఆటలో చిన్న సంగతి. బంతి విసరడం పదిరోజుల్లో విసుగొస్తుంది. అసలు సంగతి వెతకడం. ఎక్కడ నిలబడ్డామన్న దాన్నిబట్టి ఏది దొరుకుతుందో మారిపోతుంది. నీళ్ళ పక్కన నీటి జాతులు, పార్కులో ఇంకేవో. కోర్సోలా అనే పగడం ఉష్ణమండల సముద్ర తీరాల దగ్గరే కనిపిస్తుంది. మేగీకార్ప్ అనే ఎందుకూ పనికిరాని చేప ఒకటుంది. నాలుగు వందల క్యాండీలు పోగేస్తే అది గ్యారడోస్ అనే భీకరమైన సముద్ర సర్పం అవుతుంది. ఆ నాలుగు వందల కోసం తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద, ఆ విగ్రహాల వరస పక్కన ఎన్ని నెలలు నడిచానో లెక్కలేదు. పుట్టి పెరిగిన ఊరే అయినా ఆ విగ్రహాల్లో సగం ఎవరివో నాకప్పటిదాకా తెలీదు.

పాత ఊరు కూడా అలాగే చూశాను. ఒక పది కిలోమీటర్ల గుడ్డు పుణ్యమా అని రాస్ హిల్ ఎక్కాను. పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. కింద రేవులోకి ఓడలొచ్చే కాలువ. 1933లో తెరిచిన రేవు అది. బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి చూసి వెళ్ళే చోటికి ఇరవై ఏళ్ళు ఇక్కడే ఉండి నేను వెళ్ళలేదు. నేవీ గోడల అవతల కనిపించేవాటి సంగతి మాత్రం అడక్కండి. అక్కడ ఎంత గొప్ప పోకెమాన్ ఉన్నా ఫోను జేబులో పెట్టుకుని బుద్ధిగా ముందుకెళ్ళిపోవడమే.

ఇక నాన్న సంగతి. ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్స్‌లో పనిచేసి 2023లో రిటైరయ్యాడు. డ్యూటీ గురించి ఇంట్లో ఏనాడూ మాట్లాడే మనిషి కాదు. రిటైరయ్యాక అసలు మాటే తగ్గిపోయింది. సుగరుంది, నడవమని డాక్టరు చెప్పాడు, నాతో తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఒకరోజు ఫోన్లోకి తొంగి చూశాడు.

"ఏట్రా అది?"

"బొగ్గు తాబేలు నాన్నా. డిప్పలో బొగ్గు మండుతుంది."

కాసేపు చూసి, "అంత పొగొస్తోందంటే లోపల కోక్ ఇంకా పచ్చిగా ఉన్నట్టు" అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. బొగ్గుని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల పైన పదహారు గంటలకి పైగా ఎలా వేయిస్తారో, సరిగ్గా వేగకుండా తోస్తే పొగ ఎలా కమ్మేస్తుందో, ఏడు మీటర్ల ఎత్తు ఓవెన్ల పక్కన నిలబడితే ఎలా ఉంటుందో. ఇరవై ఏడేళ్ళలో నాన్న నోట విన్నదానికంటే ఆ గంటలో విన్నది ఎక్కువ. ఫ్యాక్టరీలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. నా టోర్కోల్‌లు మూడింటికి ఆ పేర్లే పెట్టాను. ఆట 2023లో హిందీలోకి వచ్చింది. తెలుగు పేర్లు మనమే పెట్టుకోవాలి కదా. 2021 జనవరిలో ఫ్యాక్టరీలో వాటాలు అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పుడు గానీ, 2024లో బొగ్గు కొరతొచ్చి మూడింట్లో ఒకే ఫర్నేసు నడిచిన రోజుల్లో గానీ నాన్న ఏమీ అనలేదు. 2025 జనవరిలో పదకొండు వేల కోట్ల పైచిలుకు ప్యాకేజీ ప్రకటించినప్పుడూ అంతే. ఇప్పుడు మాత్రం నడకకి బయల్దేరగానే, "మీ అన్నపూర్ణ ఎలాగుంది?" అని అడుగుతాడు. ఆయన అడిగేది నా తాబేలు గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

ఈ ఆటలో నాకు నచ్చనిదీ ఉంది. ఈ స్టాపులు ఆకాశంలోంచి ఊడిపడలేదు. నియాంటిక్ కంపెనీ ఇంతకుముందు చేసిన ఇంగ్రెస్ అనే ఆటలో, ఆడేవాళ్ళు గుర్తించి పంపిన చోట్లే చాలామటుకు ఇందులోకి వచ్చాయి. అంటే స్మార్ట్‌ఫోన్లు ముందొచ్చిన వీధులు మ్యాపులో కళకళలాడుతుంటాయి, మిగతా ఊరు బోసిగా ఉంటుంది. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన ఆ ఫ్యాక్టరీ కోసం 60కి పైగా ఊళ్ళు ఖాళీ చేయించారు. అందులో మా నాన్న పుట్టిన ఊరొకటి. ఊరు పోయింది, అమ్మవారు మాత్రం నిర్వాసితుల కాలనీకి జనంతో పాటే వచ్చింది. ఆ కాలనీ మ్యాపులో ఒక్క స్టాపూ లేదు. 2019 చివరి నుంచి పోకెమాన్ గో ఆడేవాళ్ళు కూడా కొత్త చోట్లు సూచించొచ్చు, తోటి ఆటగాళ్ళే పరిశీలిస్తారు. అమ్మవారి గుడి ఫోటో పెట్టి, వివరంలో పాత ఊరి పేరు తెలుగులోనే రాసి పంపాను. నెలలు పట్టింది, వచ్చింది. కాలనీ కుర్రాళ్ళు రోజూ దాన్ని తిప్పుకుని బంతులు తీసుకుంటున్నారు. ప్రభుత్వం మ్యాపులోంచి పోయిన పేరు ఒక ఆట మ్యాపులోకి ఎక్కింది.

మన అడుగులన్నీ ఎవడి సర్వర్లోనో ఉంటాయి కదా అని మా టీమ్ లీడు అంటాడు. నిజమే. 2025లో నియాంటిక్ తన ఆటల్ని మూడున్నర బిలియన్ డాలర్లకి స్కోప్లీకి అమ్మేసింది. అందులో మన నడకల విలువ కూడా ఉంది. అందుకే యాప్ మూసేశాక నా లొకేషన్ చూడ్డానికి అనుమతి ఇవ్వను. దానివల్ల గుడ్లు కొంచెం ఆలస్యంగా పొదుగుతాయి, పొదగనీండి. ఒకవేళ రేపు సర్వర్లు ఆపేస్తే నా రెండువేల పోకెమాన్లూ పోతాయి. రాస్ హిల్ పోదు, నాన్న చెప్పిన కబుర్లు పోవు.

డిసెంబర్లో న్యూజెర్సీ నుంచి మా బావ వస్తున్నాడు. ఆవకాయతో పాటు టోర్కోల్ కూడా సిద్ధంగా పెట్టమన్నాడు. పెడతాను, వాడికోసం ఇంకోటి పడతాను. ఆ మూడింట్లో ఒకటి మాత్రం ఇచ్చేది లేదు.